"ఒప్పుకొని విడుచువాడు" అని ఎక్కడైనా ఉందా?

పాతప్రతి: బైబిల్లో సామెతలు 28:13 రెండో సగం నాకు "ఒప్పుకొని విడుచువాడు కనికరము పొందును" అనే నోటికొస్తోంది. తీసి చూస్తే "విడిచిపెట్టువాడు" అని ఉంది. "విడుచువాడు" పాఠం ఏ పాత అనువాదంలోనైనా తగిలిందా?

యతిమైత్రి: తగల్లేదు. కానీ "పెట్టు" తీసేస్తే నడక కుంటుపడుతుంది. మొదటి సగం చూడండి: "అతిక్రమములను దాచిపెట్టువాడు వర్ధిల్లడు". అటు దాచిపెట్టు, ఇటు విడిచిపెట్టు, నడుమ "ఒప్పుకొని"లో మాత్రం కొను. హీబ్రూలో మూడూ వేర్వేరు ధాతువులు. ఈ పెట్టుల జంట తెలుగు సొంతం.

అరసున్న: రెండు పెట్టులూ ఒకటి కావు గదండీ. దాచిపెట్టినది చేతికందే దూరంలోనే ఉంటుంది, కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు. విడిచిపెట్టినదాని మీద ఇక చేయి వేయకూడదు. అయినా కీలకం పెట్టు కాదు, "ఒప్పుకొని"లో "ని". క్త్వార్థకం, అంటే ఒక పని చేసి మరొకటి అని చెప్పే రూపం. ముందు ఒప్పుకోలు, తర్వాత విడుపు. "ముందు మానేస్తా, తర్వాత చెబుతా" అనేవాడికి ఈ వాక్యంలో చోటు లేదు.

మార్జిన్‌గీత: అరసున్న గారూ, క్త్వార్థకం అన్నిచోట్లా వరస చెప్పదు. "తల వంచుకుని నడిచాడు"లో ముందేది, వెనకేది? మూలంలో రెండు క్రియలూ పక్కపక్కనే, మధ్య ఒక "మరియు". వరస మన తెలుగు తెచ్చిపెట్టిందే. (నాకూ ఒక పెట్టు దొరికింది.)

అరసున్న: సరే, వ్యాకరణం వదిలేయండి, ఆచరణలో వరస ఉంది. సంఖ్యాకాండము 5:7 ప్రకారం ముందు ఒప్పుకోలు, ఆ తర్వాత అసలు, దానిమీద అయిదోవంతు, అదీ నష్టపోయినవాడి చేతికే. 100 తిన్నవాడు 120 కట్టాలి. లేవీయకాండము 5:5 ఏ విషయంలో తప్పు చేశాడో ఆ విషయమే చెప్పమంటుంది. "నేను పాపిని ప్రభువా" అని టోకున అనేస్తే ఏం విడవాలో అన్నవాడికే తెలియదు. మనసు తేలికపడుతుంది, అలవాటు అలాగే ఉంటుంది, వచ్చే వారం మళ్లీ అదే ప్రార్థన. ఇంకొకటి, "నీకు బాధ కలిగి ఉంటే క్షమించు" అనడం. ఆ "ఉంటే" రాగానే నేరం వినేవాడి మీదికి పోయింది.

యతిమైత్రి: మరి పన్నులు వసూలుచేసే సుంకరి జక్కయ్య? లూకా 19:8లో "తీసికొనినయెడల" అన్నాడే! "యెడల" అంటే "ఉంటే" కాదా?

అరసున్న: అది తప్పించుకునే "ఉంటే" కాదు, లెక్క తేలని "ఉంటే". సుంకరికి ఎవరి దగ్గర ఎంత గుంజాడో జాబితా ఉంటుందా? అందుకే అయిదోవంతుతో సరిపెట్టకుండా "నాలుగంతలు" అన్నాడు.

గుడిగంట: అందరూ "ఒప్పుకొను" దగ్గరే ఆగారు. గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి కతోలికులు వాడే "పాపసంకీర్తనం" మాటేమిటి? సంకీర్తన అనగానే అన్నమయ్య గుర్తొచ్చి పాపాన్ని పాడటమేమిటని నవ్వుతారు గానీ, కీర్తించడమంటే పేర్కొనడం కూడా. 1551లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ అడిగిందీ అదే: ఘోరపాపాలను రకమూ, సంఖ్యా, రకాన్ని మార్చే పరిస్థితులూ చెప్పాలి. ఎన్నిసార్లో గుర్తులేకపోతే ఉజ్జాయింపు చాలు. తెలిసి దాస్తే మాత్రం మొత్తం ఒప్పుకోలే చెల్లదు. తోడు దొంగల పేర్లు అక్కర్లేదు. ఇక 28:13లో "ఒప్పుకొని" అన్నచోట ఉన్న హీబ్రూ ధాతువే 136వ కీర్తనలో "కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అయింది. ఒప్పుకోలూ స్తుతీ ఒకే ధాతువు. సంకీర్తనం పెట్టినవారు ఆ సంగతి తెలిసి పెట్టారనే నా గట్టి అనుమానం.

మార్జిన్‌గీత: అనుమానమే. ఆధారం చూపండి.

యతిమైత్రి: ఆధారం వచ్చేలోగా శ్రీకాళహస్తీశ్వర శతకంలో ధూర్జటి. "రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు" అని మొదలెట్టి, మూడో పాదంలో "తదపేక్ష చాలు" (వాటి మీద ఆశ చాలు) అంటాడు. విడుపంతా ఆ ఒక్క "చాలు"లో ఉంది. ఆపైన అడిగేది "జ్ఞానలక్ష్మీజాగ్రత్పరిణామము". రోమా 12:2లో "రూపాంతరము పొందుడి" బదులు "పరిణామము" వేసి ఉంటే ఎంత బాగుండేది!

అరసున్న: ధూర్జటి నేరం రాజుల మీదికి తోశాడు. ఒప్పుకోలు ఎక్కడ?

యతిమైత్రి: "తదపేక్ష" ఎవరిది? మత్తు రాజులది, ఆశ తనది. అక్కడుంది.

మార్జిన్‌గీత: పరిణామం వద్దండీ. పాలు పెరుగవడం శాస్త్రకారుల దృష్టాంతం, దానంతటదే జరిగిపోయే మార్పు. రోమాలోని క్రియ ఆజ్ఞార్థకం, కర్మణి, పైగా ఒక్కసారితో ముగియనిది. మార్చేవాడు వేరే ఉన్నాడు. మత్తయి 17:2లో కొండమీద "రూపాంతరము పొందెను" అన్నదీ అదే గ్రీకు క్రియ. ఎటొచ్చీ 2 కొరింథీ 3:18లో అదే క్రియకు "మార్చబడుచున్నాము" అన్నారు.

యతిమైత్రి: పాలు వాటంతటవే తోడుకుంటాయా, తోడు ఎవరో ఒకరు వేయాలి గదా! ధూర్జటి కూడా "ఇమ్ము దయతో" అనే అడిగాడు.

గుడిగంట: తోడు సంగతి ఒప్పుకున్నా, "మార్చబడు"లో ఆ "బడు" మాత్రం నాకు పడదు. రెండుచోట్ల "రూపాంతరము పొందు" అని చక్కగా కుదిరాక మూడోచోట "బడు" ఎందుకు?