ఇంగ్లండ్ ఆస్పత్రిలో చేరబోతున్నాను, సలహా కావాలి

ప్రశ్న: అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది మర్రిగూడ దగ్గర పల్లె. నల్గొండలో ఎంబీబీఎస్ చదివి, బయటి దేశాల డాక్టర్లకు బ్రిటన్ పెట్టే ప్లాబ్ పరీక్ష పాసై, వచ్చే నెల ఇంగ్లండ్‌లో చేరుతున్నాను. బయటి దేశాల్లో చదివినవాళ్లు అక్కడి స్పెషలిస్టు పరీక్షల్లో ఎక్కువగా తప్పుతారని విన్నాను. లోపం మన చదువులో ఉందా?

జవాబు (పాలమూరు, ప్రస్తుతం లీడ్స్): చెల్లెమ్మా, తేడా ఉన్నమాట నిజం. దాన్ని నీ లోపమని మాత్రం అనుకోకు. అక్కడ డాక్టర్లను నియంత్రించే జీఎంసీయే దీన్ని ఒప్పుకుంది. వైద్య విద్యలో, శిక్షణలో వివక్షను 2031 నాటికి తొలగిస్తామని 2021లో ప్రకటించింది. అంతకుముందు డాక్టర్ల మీద వచ్చే ఫిర్యాదుల గురించి 2019లో అది చేయించిన అధ్యయనం ఒక సంగతి బయటపెట్టింది. బయటి నుంచి వచ్చిన డాక్టరుకు పొరపాటును ఉన్నదున్నట్టు చెప్పడానికి సీనియర్లు జంకుతారు. దిద్దుకునే అవకాశం లేక ఆ పొరపాటే చివరికి ఫిర్యాదు దాకా పోతుంది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మర్యాద పేరుతో మనిషిని నేర్చుకోనివ్వకపోవడం అన్యాయం.

అందుకే మొదటి వారంలోనే నీ సూపర్‌వైజరును కలువు. 'నా పని ఎలా ఉంది' అంటే బాగుందనే చెబుతారు. 'ఈ రోగితో మాట్లాడేటప్పుడు నేను అడగకుండా వదిలేసిందేమిటి' అని అడుగు. చెప్పింది పోర్ట్‌ఫోలియోలో, అంటే నీ శిక్షణ రికార్డులో రాయించుకో. జీఎంసీ ఉచితంగా నడిపే 'వెల్‌కమ్ టు యూకే ప్రాక్టీస్' తరగతికీ వెళ్లు.

నువ్వు నేర్చుకోవడానికే కాదు, నేర్పడానికి కూడా వెళ్తున్నావు. వైద్య పుస్తకాల్లో దద్దుర్ల బొమ్మలు ఎక్కువగా తెల్లని ఒంటి మీదివే. లండన్‌లో ఒక నల్లజాతి వైద్య విద్యార్థి ఈ కొరత తీర్చడానికి 2020లో తన అధ్యాపకులతో కలిసి 'మైండ్ ద గ్యాప్' అనే కరదీపిక తెచ్చాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదువు. చామనఛాయ, నల్లని ఒంటి మీద జబ్బు ఎలా కనబడుతుందో వార్డులో రోజూ చూసినదానివి నువ్వు. పల్స్ ఆక్సీమీటరు నల్లని చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చు, అది మరవకు. ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగావు. వారపు పాఠాల్లో నీ వంతు వస్తే ఆ జబ్బు గురించే చెప్పు.

మరో జవాబు (సూర్యాపేట, నర్సు): నర్సులకూ ఇదే పరిస్థితి. ఎవరైనా చులకనగా మాట్లాడితే తేదీ, మాటలు ఆ రోజే రాసిపెట్టుకో. ఇంగ్లండ్‌లో ప్రతి ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులో, అంటే ప్రభుత్వ ఆస్పత్రులు నడిపే సంస్థలో, సిబ్బంది ఇబ్బందులు వినే 'ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్' ఉంటారు, మేనేజరుతో పని లేకుండా నేరుగా వాళ్లకే చెప్పుకోవచ్చు. పరీక్షకు మనవాళ్లతోనే కాదు, అక్కడ చదివినవాళ్లతో కూడా కలిసి చదువు. ఏ ఊళ్లో చేరుతున్నావో రాయి, దగ్గర్లో ఎవరున్నారో చూస్తాను.