కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) ఓనర్లందరికీ సొంత ఇన్సూరెన్స్ తప్పనిసరి చేయవచ్చా?

మూడో అంతస్తు:
ప్రతి ఓనరూ ఏటా సొంత పాలసీ కాగితం చూపించాలని, లేకపోతే జరిమానా అని మా అసోసియేషన్ రూల్ తేబోతోంది. బిల్డింగ్ మొత్తానికి అసోసియేషన్ తీసుకున్న మాస్టర్ పాలసీ ఉంది, దాని ప్రీమియం నెలనెలా మెయింటెనెన్స్‌లో కడుతూనే ఉన్నాం. నా లోన్ తీరిపోయింది, అడిగే బ్యాంకు కూడా లేదు. ఒకే ఇంటికి రెండుసార్లు ఎందుకు కట్టాలి? నా సామాను పోతే నష్టపోయేది నేనే కదా.

కింది ఇల్లు:
రెండుసార్లు కాదండీ. మీ బిల్డింగ్ డిక్లరేషన్, అంటే ఏది ఓనరుది, ఏది అందరిదీ అని రాసిన పత్రం, తీసి చదవండి. కొన్నిచోట్ల మాస్టర్ పాలసీ గోడల దాకానే వస్తుంది. లోపలి ఫ్లోరింగ్, కిచెన్ అల్మరాలు, సింకు ఓనరు చూసుకోవాల్సిందే. ఇంకొన్నిచోట్ల బిల్డర్ మొదట పెట్టినవాటికి వర్తిస్తుంది, తర్వాత మీరు మార్చుకున్నవాటికి వర్తించదు.

మా పైఇంట్లో వాషింగ్ మెషీన్ వెనక గొట్టం రాత్రిపూట పగిలింది. తెల్లారి లేచేసరికి మా హాల్లో సీలింగ్ ఉబ్బి, లైటు చుట్టూ నీళ్లు ధారగా కారుతున్నాయి. రిపేరు ఖర్చు మాస్టర్ పాలసీ డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మనమే భరించాల్సిన మొత్తం) కన్నా తక్కువ తేలింది. అంటే అందులోంచి పైసా రాలేదు. పైఆయనకి పాలసీ లేదు. మనిషి మంచివాడే, చేతిలో డబ్బు లేదు. నాకు సొంత పాలసీ ఉండబట్టి బయటపడ్డాను. అందుకే ఈ రూల్ రావాలంటాను.

పాత సెక్రటరీ:
పాలసీ అవసరమే, కానీ జరిమానాకి నేను వ్యతిరేకం. జనవరిలో కాగితం చూపించి మార్చిలో ప్రీమియం ఆపేస్తే ఎవరికి తెలుస్తుంది? పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లకి జరిమానా నోటీసు పంపడం నా చేత కాదు. మాస్టర్ పాలసీ దేనికి వర్తిస్తుందో, డిడక్టబుల్ ఎంతో ఒక పేజీలో రాసి ఇంటింటికీ ఇవ్వండి. మా బిల్డింగ్‌లో అలా ఇచ్చాకే చాలామంది తీసుకున్నారు.

కింది ఇల్లు:
తీసుకోనివాళ్ల కిందే నా ఇల్లు ఉంటే?

లెక్కల మనిషి:
లాస్ అసెస్‌మెంట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నష్టం మాస్టర్ పాలసీ పరిమితి దాటితే మిగతాది ఓనర్లందరి మీదా పడుతుంది, అలా మీద పడే వాటానే లాస్ అసెస్‌మెంట్. అమెరికాలో కాండో ఓనర్ల పాలసీని హెచ్‌ఓ-6 అంటారు. దాని ప్రామాణిక ఫారంలో దీనికి ఇచ్చేది 1,000 డాలర్లే, పెంచుకోవాలంటే అడిగి పెంచుకోవాలి. ఫ్లోరిడా చట్టం కనీసం 2,000 ఉండాలంటుంది. పెద్ద నష్టం జరిగితే ఇవేం సరిపోతాయి? ఇంకో మాట, పాతబడ్డ పైకప్పు మార్చడానికి వేసే చందా ఇందులోకి రాదు. పాలసీలో రాసిన ప్రమాదం వల్ల జరిగిన నష్టమై ఉండాలి. కాబట్టి ఉత్త 'పాలసీ ఉండాలి' అని రూల్ రాస్తే లాభం లేదు, ఏమేం ఉండాలో కూడా రాయాలి.

మూడో అంతస్తు:
డిక్లరేషన్ చదివాను. మాది గోడల దాకానే. పోయినేడు వేయించిన ఫ్లోరింగ్ మొత్తం నా నెత్తినే ఉందన్నమాట, నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఈ వారమే పాలసీ తీసుకుంటున్నాను. జరిమానాకి మాత్రం ఓటు వేయను. పాత సెక్రటరీ గారూ, ఆ ఒక పేజీ కాగితం నమూనా ఇక్కడ పెట్టగలరా? మీటింగ్‌కి పట్టుకెళ్తాను.