చేపల తట్టలు తీయించమనే అర్జీ మీద సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

బరంపురం కోడలు:

ఒడిశా బరంపురంలో ఉంటున్న మన తెలుగువాళ్లను ఒక సలహా అడగాలి. మాది బడా బజార్ వైపు ఒక సందు. పొద్దున్నే గోపాల్‌పూర్ నుంచి మన జాలరి ఆడవాళ్లు బస్సు దిగి, తట్టలు పెట్టుకుని సందు మొదట్లో కూర్చుంటారు. పక్కన కూరగాయల తోపుడుబళ్లు. వీళ్లందర్నీ అక్కణ్ణుంచి తీసేయాలని మా వీధి పెద్దలు అర్జీ రాశారు. ఇంటింటికీ సంతకాలకు తిరుగుతున్నారు. మా మావగారు పెట్టేశారు. నాకు మాత్రం చెయ్యి రావడం లేదు.

ట్రాఫిక్ ఇబ్బంది నిజమే. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. కానీ దారికి అడ్డం ఏముందో మేడ మీద నిలబడి చూశాను. తట్టలు సైడు కాలువ పలకల మీదే ఉన్నాయి. కత్తిపీట ముందేసుకుని కూర్చున్న మనిషి కాళ్లు కూడా రోడ్డు మీదికి రావడం లేదు. వాళ్ల ముందు స్టాండు వేసిన బైకులు, స్కూటీలు మాత్రం రెండు వరసలు. కొందరు దిగను కూడా దిగరు, ఇంజను ఆపకుండానే కవళ్లు ఎంత, నెత్తళ్లు ఎంత అని బేరం. ఆ బళ్లన్నీ మా వీధివాళ్లవీ, పక్క వీధులవాళ్లవీ. అర్జీలో బళ్ల ఊసే లేదు.

మరి అర్జీ ఎలా రాస్తే దారి ఖాళీ అవుతుంది, వాళ్ల పొట్టా నిలుస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

గేట్ బజార్ నుంచి:

అమ్మా, మీ మనసు మంచిదే. కానీ మా నాన్నగారికి గుండెనొప్పి వచ్చిన రోజు అంబులెన్సు మా సందులోకి రాలేకపోయింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెయిన్ రోడ్డు దాకా మోశాం. బతికారు కాబట్టి ఈ మాట నెమ్మదిగా రాయగలుగుతున్నాను. అడ్డం బైకా, బండా, తట్టా అని ఆ టైములో ఎవరు చూస్తారు? బేరం ఉన్నచోటికి బైకులు వస్తాయి. బేరం పోతే బైకులూ పోతాయి. నేనైతే సంతకం పెడతాను.

లాయరు గుమస్తా:

ఇద్దరూ ఒక సంగతి తెలుసుకోవాలి. తీసేయండి అని అర్జీ పెట్టగానే తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం కనీసం 5 ఏళ్లకోసారి ఊళ్లో వీధి వ్యాపారుల సర్వే చేయాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. ఆ తర్వాత వేరేచోటికి పంపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. చేపలు, కూరల్లాంటి పాడయ్యే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. ఈ చివరిది ఆ తల్లులకు తప్పకుండా చెప్పండి, ఒక్క పూట ఆగితే వాళ్ల పెట్టుబడి మొత్తం కుళ్లిపోతుంది.

ఎక్కడ అమ్మాలో, ఏ వేళలో అమ్మాలో చూడటానికి టౌన్ వెండింగ్ కమిటీ అని ఉంటుంది. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే. ఆ ఎన్నికైనవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కాలనీ సంఘాలకూ చోటుంది. అర్జీ ఆ కమిటీకి పెట్టండి. తీసేయమని కాదు, హద్దు గీసి, టైము పెట్టమని.

కిరాణా కొట్టు:

నేను అద్దె కడుతున్నాను, లైసెన్సు కడుతున్నాను. నా గుమ్మం ముందు చేపల నీళ్లు పారుతుంటే పప్పు, బియ్యం కొనేవాళ్లు ముక్కు మూసుకుని పోతున్నారు. టైము కంటే ముందు ఆ నీళ్ల సంగతి తేల్చండి. మిగతాది నేను సర్దుకుంటాను.

బరంపురం కోడలు:

గేట్ బజార్ అన్నయ్యగారూ, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అంబులెన్సు దారి మొదటి షరతుగా పెడతాను, అందులో రాజీ లేదు. కానీ బేరం పోతే బైకులు పోతాయన్నది మా వీధికి కుదరదండి. మధ్యాహ్నం తట్టలు లేచిపోయాక కూడా రోడ్డు సగం బైకులే.

కొట్టుగారి బాధ నిజం. ఐసు కరిగిన నీళ్లు, పొలుసు, రక్తం కలిసి వాలు వెంట ఆయన మెట్టు దాకా వస్తాయి. అక్కడ కూర్చునే పెద్దావిడను అడిగాను. "నీళ్లు పోసి కడుక్కోవడానికి కొళాయి ఎక్కడుందమ్మా?" అంది. నిజంగానే లేదు. పొలుసు వేయడానికి డబ్బా కూడా లేదు.

సంతకం పెట్టను. వేరే అర్జీ రాస్తున్నాను. కాలువ పలకల అంచున తెల్లగీత, గీత దాటి తట్టా ఉండకూడదు, బైకూ ఉండకూడదు. ఒక కొళాయి, మూతున్న డబ్బా. పొద్దున అమ్మకానికి ఒక టైము. ముందు మావగారికి చదివి వినిపిస్తాను, ఆయన ఒప్పుకుంటే వీధిలో సగంమంది ఒప్పుకున్నట్టే.

గుమస్తాగారూ, కమిటీకి రాసేటప్పుడు ఆ జాలరి ఆడవాళ్ల వేలిముద్రలు కూడా కలిపి పెట్టవచ్చా? ఒడియాలో రాయాలా, ఇంగ్లీషులో రాసినా తీసుకుంటారా?