పర్యావరణ మృత్తికా శాస్త్రం చదివితే ఉపాధి ఉంటుందా?

హనుమకొండ_తండ్రి:
మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేస్తోంది. పీజీలో మృత్తికా శాస్త్రం తీసుకుని నేల కాలుష్యం మీద పని చేస్తానంటోంది. బంధువులేమో మట్టి పరీక్షలతో ఏం బాగుపడుతుంది, గ్రూప్స్‌కు కోచింగ్ ఇప్పించమంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

జగిత్యాల_చల్కా:
బంధువుల మాటను కొట్టిపారేయలేమండీ. 2015లో సాయిల్ హెల్త్ కార్డుల పథకం వచ్చినప్పుడు ఈ శాస్త్రానికి మంచి రోజులొచ్చాయని మేమంతా అనుకున్నాం. కార్డులోని 12 అంశాల్లో ఉదజని సూచిక (పీహెచ్), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు వంటివి ఉన్నాయి కానీ సీసం, కాడ్మియం లేవు. అంటే ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి వ్యవస్థ ఉంది. నేల విషపూరితమైందేమో చూడమని జీతమిచ్చేవారు జిల్లాల్లో అరుదు. ఏఈఓ (వ్యవసాయ విస్తరణాధికారి) ఉద్యోగానికైతే చేతిలో ఉన్న డిగ్రీయే చాలు.

గోదావరిఖని_గట్టు:
ఆ వాదన వ్యవసాయ శాఖ వరకే నిజం. మా వైపు ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన పోసిన మట్టిగుట్టలను చూడండి. లోతు నుంచి తవ్వి తెచ్చిన ఆ రాళ్ల మట్టి తేమ పట్టదు, నాలుగు వానలకే గండ్లు పడి కోసుకుపోతుంది. తవ్వకానికి ముందే పైమట్టిని విడిగా తీసి ఉంచి, గుట్ట వాలును తగ్గించి, తిరిగి పరిచాక గడ్డి, వెదురు, కానుగ నాటితేనే పచ్చదనం నిలుస్తుంది. ఇది మట్టి తెలిసినవారి పని. పైగా కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకూ థర్మల్ కేంద్రాలకూ పర్యావరణ అనుమతి తప్పనిసరి కనుక, అందుకు కావలసిన నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీల నిపుణుల జాబితాలో నేల పరిరక్షణకు ప్రత్యేక విభాగమే ఉంది. మొదట్లో జీతం తక్కువ, తిరుగుడు ఎక్కువ, అది దాచను.

జగిత్యాల_చల్కా:
ఆ నివేదికకు డబ్బు చెల్లించేది గని యాజమాన్యమే కదా! నేల పాడవుతుందని నిక్కచ్చిగా రాసే స్వేచ్ఛ కొత్తగా చేరిన అమ్మాయికి ఎంత ఉంటుంది?

గోదావరిఖని_గట్టు:
ఆ ఇబ్బంది నిజమే. అది వద్దనుకుంటే పీహెచ్‌డీ దాకా చదివి, భోపాల్‌లోని భారత మృత్తికా విజ్ఞాన సంస్థ వంటి చోట్ల పరిశోధనకు ప్రయత్నించాలి; పోటీ గట్టిగానే ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా థీసిస్ అంశమే కీలకం. ఎరువుల మోతాదుపై మరో ప్రయోగం కాకుండా, థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల పక్క పొలాల్లో సీసం, కాడ్మియం వంటి భార లోహాలపై పని చేయమనండి. లోహాల మోతాదు కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంపై నమూనాలు తానే నడపడం, జీఐఎస్ అనే కంప్యూటర్ మ్యాపింగ్ వ్యవస్థలో పటాలు గీయడం నేర్చుకోమనండి. ఆ రెండూ నేర్పని చోట సీటు వస్తే మాత్రం మీ బంధువుల మాటే వినండి.