అప్‌డేట్: తాతగారి యూఫోనియానికి మౌత్‌పీస్ దొరికింది

తాతగారి పాత బూసీ అండ్ హాక్స్ కంపెనీ యూఫోనియానికి (బ్యాండులో ఊదే పెద్ద ఇత్తడి వాద్యం) ఏ మౌత్‌పీసూ, అంటే పెదవులు ఆనించి ఊదే భాగం, కుదరడం లేదని గత నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మౌత్‌పీస్‌లో వాద్యం గొట్టంలోకి దిగే కాడను, అంటే షాంకును, కొలవమన్నవారి మాటే నిజమైంది. చిన్న షాంకు మరీ లోపలికి దిగి ఊగేది, పెద్దది అంచు దగ్గరే ఆగిపోయేది. ఆ కాలపు వాద్యానికి రెండింటి మధ్య కొలత, అంటే మీడియం షాంకు కావాలని విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర బ్యాండు వాద్యాలు బాగుచేసే పెద్దాయన వెర్నియర్ కొలత పరికరం పెట్టి తేల్చారు. అదే తెప్పించాను, శ్రుతి నిలిచింది.

వాల్వుల నుంచి గాలి కారుతోందన్న నా అనుమానానికీ, వాద్యం చివర విచ్చుకున్న గంట మీది సొట్టలకూ మౌత్‌పీస్ కుదరకపోవడంతో సంబంధమే లేదు. అంతకుముందు చిన్న షాంకుకు కాగితం చుట్టి బిగిస్తే రెండు రోజుల్లో తడిసి ఊడిపోయింది, ఆ పని చేయకండి. అరిగిన వాల్వు ఫెల్టులను (మెత్తటి బిళ్లలను) మాత్రం పెద్దాయనే ఉన్ని ఫెల్టు నుంచి కోసి అమర్చారు.

తాతగారి తర్వాత ఆ నాదం మా ఇంట్లో మళ్లీ నిన్ననే విన్నాం. అమ్మ చాలాసేపు అక్కడి నుంచి లేవలేదు.