పేమెంట్ క్లాసులకు ఒకే టేబులా, విడివిడిగానా?

ప్రశ్న:
స్ప్రింగ్ బూట్, హైబర్నేట్ (జావా క్లాసుల్ని డేటాబేస్ టేబుల్స్‌కి కలిపే లైబ్రరీ), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడిచే బిల్లింగ్ ప్రాజెక్ట్. కోడ్‌లో పేమెంట్ అని ఒక పేరెంట్ క్లాసు, దాని కింద క్యాష్, కార్డ్, యూపీఐ. వీటిని టేబుల్స్‌కి ఎలా మ్యాప్ చేయాలో తేలట్లేదు. అన్నీ ఒకే టేబుల్లో పడేస్తే యూపీఐ రిఫరెన్స్ కాలమ్ క్యాష్ రోలన్నిటికీ ఖాళీ, చూస్తేనే చిరాకు. మా లీడ్ ఏమో జాయిన్డ్ (ఉమ్మడి కాలమ్స్ పేమెంట్ టేబుల్లో, ఒక్కో రకానివి దాని చైల్డ్ టేబుల్లో) పెట్టు, నీట్‌గా ఉంటుంది అంటున్నారు. రోజూ ఎక్కువగా నడిచేది మాత్రం, ఇవాళ వచ్చిన పేమెంట్లన్నీ టైమ్ వరసలో చూపించే క్వెరీ. ఏది బెటరండీ?

జవాబు 1:
మీరు చివర్లో రాసిన క్వెరీయే తేల్చేస్తోంది. జాయిన్డ్ అయితే ఏ రో ఏ రకమో తెలియాలి కాబట్టి హైబర్నేట్ పేమెంట్ టేబుల్‌కి మూడు చైల్డ్ టేబుల్స్‌నీ లెఫ్ట్ జాయిన్ చేస్తుంది (చైల్డ్‌లో రో లేకపోయినా పేమెంట్ రో వచ్చేలా కలుపుతుంది), రేపు వాలెట్ వచ్చి చేరితే ఇంకో జాయిన్, ఇన్సర్ట్ కూడా రెండేసి. తలా రెండు మూడు కాలమ్స్ తేడాకి ఇంత అవసరమా? సింగిల్ టేబుల్ పెట్టేయండి. నల్స్, అంటే ఖాళీ విలువలు, పెద్దగా చోటు తినవు. అసలు ఇబ్బందల్లా ఆ రిఫరెన్స్ కాలమ్‌కి నాట్ నల్ (ఖాళీ కుదరదనే రూల్) పెట్టలేకపోవడం. రకం యూపీఐ అయితే రిఫరెన్స్ ఖాళీగా ఉండకూడదని ఒక చెక్ కన్‌స్ట్రెయింట్ రాయండి. చాలామంది ఇది వదిలేసి, డేటా చెత్తయ్యాక హైబర్నేట్‌ని తిడతారు.

జవాబు 2:
డిస్క్రిమినేటర్ వాల్యూ, అంటే సింగిల్ టేబుల్లో ఏ రో ఏ క్లాసుదో చెప్పే విలువ కూడా మీరే ఇవ్వండి. ఇవ్వకపోతే ఎంటిటీ పేరే, అంటే మామూలుగా క్లాసు పేరే, టేబుల్లోకి ఎక్కుతుంది. ఎవరో క్లాసు పేరు మార్చారంటే పాత రోలు ఏ క్లాసువో హైబర్నేట్‌కి తెలియక ఎర్రర్ కొడుతుంది. టేబుల్ పర్ క్లాస్ (ఒక్కో క్లాసుకి పూర్తిగా విడి టేబుల్) జోలికి మాత్రం పోకండి, పేమెంట్లన్నీ కావాలంటే ప్రతిదానికీ ఆ టేబుల్స్‌ని కలిపే యూనియన్, పైగా దాంతో ఐడెంటిటీ (టేబులే తనంతట ఇచ్చే) ఐడీలు పనిచేయవు.

జవాబు 3:
అసలు ఇన్హెరిటెన్స్ (పేరెంట్ క్లాసు, చైల్డ్ క్లాసులు) ఎందుకు బ్రో? మూడు క్లాసుల్లో లాజిక్ వేరుగా లేకపోతే ఒకే ఎంటిటీ, రకానికి ఒక ఎనమ్ (ముందే ఖాయం చేసిన విలువల జాబితా) చాలు కదా. క్లాసులున్నాయి కదా అని డేటాబేస్‌ని వాటి చుట్టూ తిప్పకూడదు.

ప్రశ్న అడిగినవారు:
రీఫండ్ లాజిక్ మూడిటికీ వేరండీ, అందుకే క్లాసులు. సింగిల్ టేబుల్ చేశా, బాగానే ఉంది. కానీ లాగ్‌లో ఒక సెలెక్ట్ తర్వాత ఇన్‌వాయిస్ కోసం వరసగా సెలెక్ట్‌లే సెలెక్ట్‌లు!

జవాబు 1:
అది ఇన్హెరిటెన్స్ గొడవ కాదు. పేమెంట్ నుంచి ఇన్‌వాయిస్‌కి ఉన్న మెనీ టు వన్ లింక్ డిఫాల్ట్‌గా ఈగర్ (వెంటనే తెచ్చేది), కాబట్టి మీ క్వెరీలో అడగకపోయినా ప్రతి ఇన్‌వాయిస్‌నీ విడిగా తెస్తోంది. దాన్ని లేజీ (అవసరమైనప్పుడే తెచ్చేది) చేసి, ఈ స్క్రీన్ క్వెరీలో మాత్రం జాయిన్ ఫెచ్ రాయండి, ఇన్‌వాయిస్‌లు అదే సెలెక్ట్‌లో వస్తాయి.