కొరియా హైస్కూల్ ఇంగ్లీష్ పరీక్షకి రీడింగ్ ఎలా ప్రాక్టీస్ చేయించాలి?

అందరికీ నమస్కారం. మేము సువాన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి ఇక్కడి కొరియన్ హైస్కూల్లో రెండో ఏడాది. ఇంగ్లీష్ గడగడా మాట్లాడతాడు, కానీ సునుంగ్ (ఇక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష) ఇంగ్లీష్ పాత పేపర్ ముందు పెడితే చతికిలపడుతున్నాడు.

పేపర్ తెలియనివాళ్ల కోసం: 70 నిమిషాలు, 45 ప్రశ్నలు. 17 విని రాసేవి, 28 చదివి రాసేవి. వినేవాటికి ఢోకా లేదు. అసలు తంటా 31 నుంచి 34 దాకా వచ్చే ఖాళీల ప్రశ్నలతోనే. ఏ తత్వశాస్త్రం పుస్తకంలోంచో తీసినట్టుండే పేరా ఇచ్చి, కీలకమైన ముక్క ఎత్తేసి, ఐదింట్లో ఒకటి ఎంచుకోమంటారు. పదాలకి విడివిడిగా అర్థం చెప్తాడు. ఇంతకీ పేరా ఏమంటోందిరా అంటే నీళ్లు నములుతాడు. అక్కడే టైమంతా పోయి, చివర్లో టెన్షన్‌తో గుడ్డిగా గళ్లు నింపేస్తున్నాడు. ఇంగ్లీష్‌లో పక్కవాడితో పోటీ లేదు, 90 వస్తే ఫస్ట్ గ్రేడే. అదొక్కటే ఊరట.

ఇక్కడి పదాల పుస్తకాల్లో అర్థాలన్నీ కొరియన్‌లోనే. వాడికి ఫర్వాలేదు, అప్పజెప్పించుకుందామంటే మాకే రాదు. ఆ లిస్టులు బట్టీ పట్టించాలా, పాత పేపర్లలో తగిలిన పదాలే వాక్యంతో సహా రాసుకోమనాలా? రోజూ ఖాళీల ప్రశ్నలు కొన్ని చేయించడం మేలా, వారానికోసారి టైం పెట్టి మొత్తం పేపర్ రాయించడమా? ఈబీఎస్ (ఇక్కడి విద్యా టీవీ ఛానల్) పాఠాలు దేంతో మొదలెట్టాలి?

ఇక్కడ చదువుకున్నవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు కాస్త చెప్పండి. హగ్వాన్‌లో (ప్రైవేట్ కోచింగ్ సెంటర్లో) చేర్చమని మాత్రం అనకండి, ఆ ఫీజులు మా వల్ల కాదు.